పద్దుకెక్కని ఏళ్లు

కథోలిక విశ్వవిద్యాలయంలో సంవత్సరం మూడుసార్లు ముగుస్తుంది. మే నెలలో పట్టాలిచ్చే రోజున చదువుల ఏడాది పూర్తవుతుంది. అమెరికాలో చాలాచోట్ల జూన్ 30న జమాఖర్చుల ఏడాదికి లెక్క కడతారు. నవంబరు చివర్లో క్రీస్తురాజు పండుగతో దైవార్చన సంవత్సరం ఆఖరి వారంలోకి వస్తుంది, ఆ తర్వాతి ఆదివారం ఆగమనకాలంతో కొత్తది మొదలవుతుంది. ఈ పండుగను 1925లో పదకొండవ పయస్ పోప్ నెలకొల్పారు. దాన్ని ఏడాది చివరి ఆదివారానికి మార్చింది రెండవ వాటికన్ మహాసభ తర్వాతే. ఒకే ఆవరణలో రిజిస్ట్రారు ఒక క్యాలెండరు చూస్తాడు, ఖజానా అధికారి మరొకటి చూస్తాడు, ప్రార్థనాలయం బాధ్యత మోసే గురువు ఇంకొకటి చూస్తాడు. డిసెంబరు 31 ఈ మూడింటిలో దేనికీ ముగింపు కాదు. సెలవులకి తాళాలు వేసి ఉండే రోజు, అంతే.

సంవత్సరాంతపు వార్తలు, సాధించిన ఘనతల జాబితా ఎక్కువగా మొదటి రెండు క్యాలెండర్ల నుంచే వస్తాయి. వచ్చిన పరిశోధన నిధులు, పెరిగిన దరఖాస్తులు, కొత్తగా లేచిన భవనం, బాస్కెట్‌బాల్ జట్టు గెలుపు, పెద్ద మొత్తం ఇచ్చిన దాత పేరు. తెలుగు నేల మీద కాలేజీ డే చూసినవాళ్లకి ఇదంతా కొత్త కాదు. ప్రిన్సిపాల్ వార్షిక నివేదిక చదువుతుంటే, వెనక తెర చాటున కూచిపూడి వేషం కట్టిన పిల్లలు గజ్జెలు సర్దుకుంటూ ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తుంటారు. నివేదికలోని అంకెలు తప్పని ఎవరూ అనరు, ఇంటికి వెళ్లాక గుర్తుపెట్టుకునేవారూ ఉండరు.

అలాంటి జాబితాలో సంస్థ పేరొక్కటి మార్చి చూస్తే, పక్క ఊరి ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి కూడా చాలావరకు సరిపోతుంది. ఇది యాదృచ్ఛికం కాదు. 1967 జులైలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఫాదర్ థియొడోర్ హెస్బర్గ్ చొరవతో కథోలిక విద్యావేత్తలు కొందరు విస్కాన్సిన్‌లోని లాండ్ ఓ లేక్స్‌లో కూడి, విశ్వవిద్యాలయం అన్న మాటకి తగ్గ సంస్థ కావాలంటే చర్చి అధికారంతో సహా బయటి అధికారం దేని నుంచైనా దానికి స్వతంత్రత ఉండాలని ప్రకటించారు. అదే ఏడాది నోటర్‌డామ్ పాలన గృహస్థులు కూడా ఉన్న ధర్మకర్తల మండలి చేతికి వెళ్లింది. 1990 ఆగస్టు 15న రెండవ జాన్‌పాల్ పోప్ కథోలిక విశ్వవిద్యాలయాల మీద విధాన పత్రం వెలువరించి, ఇవి చర్చి గుండెలోంచి పుట్టినవేనని గుర్తుచేశారు. ఒక పత్రం ఇతర విశ్వవిద్యాలయాలతో సరితూగే ప్రమాణం అడిగింది. రెండోది పుట్టింటి మాట అడిగింది. సంవత్సరాంతపు జాబితా మొదటి ప్రశ్నకి సులువుగా జవాబిస్తుంది. రెండోదానికి జవాబు అంకెల్లో పెట్టడం కష్టం కాబట్టి సేవాదినానికి వచ్చిన విద్యార్థుల సంఖ్య వేసి ఊరుకుంటుంది.

చర్చి క్యాలెండరు వార్తల్లోకి నేరుగా వచ్చే సందర్భాలూ లేకపోలేదు. నోటర్‌డామ్ 1883 నుంచి ఇస్తున్న లెతారే పతకాన్ని తపస్సుకాలంలోని నాలుగో ఆదివారం ప్రకటిస్తారు. ఉపవాసాల నడుమ కాస్త ఆనందించమని చర్చి అనుమతించే రోజు అది. మొదటి పతకం చరిత్రకారుడు జాన్ గిల్మరీ షేకి వెళ్లింది. 1961లో జాన్ కెన్నెడీకి, 1972లో పేదల మధ్య పేదగా బతికిన డొరొతీ డేకి ఇచ్చారు. దేశాధ్యక్షుడు, అన్నదాన గృహం నడిపిన స్త్రీ ఒకే వరుసలో నిలబడే జాబితాలు లోకంలో తక్కువే.

అయితే విశ్వవిద్యాలయం అసలు కాలం ఎంత పొడవుగా ఉంటుందో తెలియాలంటే ఫిలడెల్ఫియా శివార్లలోని విల్లనోవా విశ్వవిద్యాలయం దగ్గర కాసేపు ఆగాలి. అగస్టీనియన్ సభ గురువులు 1841లో బెల్ ఎయిర్ అనే ఎస్టేటు కొని, మరుసటేడు అక్కడ కాలేజీ తెరిచారు. రెండేళ్లకే, 1844 మేలో, వలస వచ్చిన కథోలికుల మీద ఫిలడెల్ఫియాలో అల్లర్లు చెలరేగాయి. మే 8న అల్లరిమూక ఆ గురువుల పునీత అగస్టీను దేవాలయాన్ని తగలబెట్టింది. గుడి తిరిగి కట్టడానికే డబ్బు చాలక 1845లో కాలేజీ మూతపడింది, 1846లో తెరుచుకుంది. 1857లో మళ్లీ మూసి, అంతర్యుద్ధం ముగిశాక 1865లో తెరిచారు. ఆ ఏళ్లలో ఎవరైనా ఏడాది చివర ఘనతల జాబితా రాయబోతే, మూసిన గదుల తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయన్నదే దాని మొదటి అంశమయ్యేది.

కాలిపోయిన గుడిలో ఒక గంట ఉండేది. పెన్సిల్వేనియా రాష్ట్ర భవనానికి లండన్ నుంచి తెప్పించిన మొదటి గంట మోగించగానే బీటలు వారింది. ఇప్పుడు స్వాతంత్ర్య గంటగా అందరికీ తెలిసినది దాన్ని కరిగించి పోసినదే. దాని మోత ఎవరికీ నచ్చక మొదటిదాన్ని పోసిన లండన్ వైట్‌చాపెల్ కార్ఖానా నుంచే రెండోది తెప్పించారు. అదీ అంత గొప్పగా ఏమీ మోగలేదు. అందుకని దాన్ని గడియారానికి తగిలించి గంటలు కొట్టడానికి వాడారు. కొన్నాళ్లకి అది అగస్టీనియన్ల గుడికి చేరింది, 1844 మంటల్లో కిందపడి పాడయింది. మిగిలిన లోహాన్ని చిన్న గంటగా పోయించి విల్లనోవాకి పంపారు. సోదరి గంట అని పేరుపడి అది ఇంకా అక్కడే ఉంది. ఏ ఏడాది ఘనతల్లోనూ దానికి చోటు లేదు. చరిత్రలో నిలిచిన గంట పక్కన గడియారం పని చేసి, కాలి, కరిగి, కాలేజీ పిల్లల మధ్యకి వచ్చిన కంచు ముద్ద అది.

2025లో విల్లనోవాకి ఏ ప్రచార విభాగమూ ముందుగా రాసిపెట్టుకోలేని వార్త వచ్చింది. మే 8న రోమ్‌లో కార్డినళ్లు పోప్‌గా ఎన్నుకున్న రాబర్ట్ ప్రివోస్ట్, అంటే పధ్నాలుగవ లియో, 1977లో అక్కడ గణితంలో డిగ్రీ పుచ్చుకున్న విద్యార్థి. ఆ నెలలోనే పట్టాలు అందుకుంటున్న పిల్లలు తమ కాలేజీ పేరు ప్రపంచమంతా పలకడం విన్నారు. దేవాలయం తగలబడిన తేదీ, ఈ ఎన్నిక తేదీ ఒకటే కావడం మీద పెద్ద భాష్యం అల్లనక్కర్లేదు. ఏడాదికి ఉన్నవి 365 రోజులే. ఆలోచించదగ్గది వేరే ఉంది. ఈ ఘనత ఏ సంవత్సరం ఖాతాలో పడాలి?

ఇప్పటి అమెరికా కాలేజీలు పట్టా ఇచ్చిన ఆరు నెలలకి పిల్లలకి ప్రశ్నపత్రం పంపుతాయి. ఉద్యోగమా, పై చదువా, జీతమెంత. జవాబులన్నీ కలిపి శాతాలు కట్టి జాబితాలో వేస్తాయి. 1977లో అలాంటి కాగితం వచ్చి ఉంటే ఈ గణిత పట్టభద్రుడు ఏం నింపేవాడు? ఆ సెప్టెంబరు 1న అతను సెయింట్ లూయిస్‌లో అగస్టీనియన్ల శిక్షణ మఠంలో చేరాడు. పేదరికపు వ్రతం పట్టబోయేవాడికి జీతం గడి ఖాళీయే. సగటు కిందికి లాగే అంకె అది. తర్వాత 1985 నుంచి పెరూలో చాలా ఏళ్ల పని, 2001 నుంచి 2013 వరకు తన సభకి ప్రపంచ స్థాయి పెద్దరికం. విల్లనోవా ఆయన్ని పూర్తిగా మరిచిందనడమూ సరికాదు, 2014లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అయినా 48 ఏళ్లపాటు ఆ తరగతి గది ఫలితం ఇదని ఏ నివేదికా చెప్పలేకపోయింది. చెప్పలేకపోవడం నివేదిక తప్పు కాదు. నాటిన ఏడే కాయమని టెంకాయ చెట్టుని ఎవరూ అడగరు, కాలేజీని మాత్రం అడుగుతారు.

విల్లనోవా ఏటేటా శాస్త్రవేత్తలకిచ్చే పతకం పేరులోనే ఈ సంగతి దాగి ఉంది. 1928లో నెలకొల్పిన ఆ పతకం గ్రెగొర్ మెండెల్ పేరు మీద ఉంది. మెండెల్ కూడా అగస్టీనియనే. బ్రనోలోని మఠం తోటలో దాదాపు 28,000 బఠాణీ మొక్కల్ని పెంచి, కాయలు వలిచి, గింజ గుండ్రంగా ఉందా ముడతలు పడిందా అని ఒక్కొక్కటీ చూసి లెక్క రాసుకున్నాడు. 1865లో తన ఊరి శాస్త్ర సమాజంలో రెండు సాయంత్రాలు ఆ పత్రం చదివాడు, 1866లో అది అచ్చయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష ఎన్నడూ గట్టెక్కని ఆయన 1868లో మఠాధిపతై, పన్నుల తగవుల్లో మునిగి 1884లో కన్నుమూశాడు. 1900లో ముగ్గురు వృక్షశాస్త్రజ్ఞులు విడివిడిగా అదే దారిలోకి వచ్చాక లోకం వెనక్కి తిరిగి చూసింది. ఆ మఠానికి వార్షిక నివేదిక ఉండి ఉంటే, అందులో పన్నుల తగవు కచ్చితంగా ఉండేది.

1934లో ఆ పతకం అందుకున్నవాడు లూవెన్ కథోలిక విశ్వవిద్యాలయం ఆచార్యుడు, గురువు జార్జ్ లెమైత్ర్. విశ్వం వ్యాకోచిస్తోందన్న ఆయన 1927 వ్యాసం ఫ్రెంచిలో, బెల్జియం దాటి అంతగా ఎవరూ చదవని పత్రికలో వచ్చింది. లెక్కలు సరే గాని భౌతికశాస్త్రం బాగోలేదని ఐన్‌స్టీన్ పెదవి విరిచాడు. ఆ వ్యాకోచాన్ని చెప్పే హబుల్ నియమానికి లెమైత్ర్ పేరు కూడా చేర్చాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం సిఫారసు చేసింది 2018లో.

ఈ వరుసలో ఇంగ్లండుకి చెందిన గురువు జాన్ హెన్రీ న్యూమన్‌ది ఇంకో రకం కథ. విశ్వవిద్యాలయం ఎందుకు అన్న దాని మీద ఆయన 1852లో డబ్లిన్‌లో ఉపన్యాసాలిచ్చాడు, 1854లో కథోలిక విశ్వవిద్యాలయం తెరిచాడు. పట్టాలిచ్చే అధికారం ప్రభుత్వం ఇవ్వలేదు, విద్యార్థులు అనుకున్నంతమంది రాలేదు, 1858లో ఆయన వదిలేశాడు. అంకెల ప్రకారం అది ఓటమే. ఆ ఉపన్యాసాలతో రూపుదిద్దుకున్న పుస్తకాన్ని మాత్రం విద్య గురించి రాసేవాళ్లు ఇప్పటికీ దాటి పోలేరు. 2025 నవంబరు 1న పధ్నాలుగవ లియో ఆయన్ని చర్చి మహాపండితుల్లో ఒకడిగా ప్రకటించారు.

ఆలస్యంగా పండినవాటిని ఇలా ఏరుకోవడంలో ఒక మోసం ఉందని కూడా ఒప్పుకోవాలి. మెండెల్‌ని లోకం కనుక్కుంది కాబట్టి మెండెల్ తెలుసు. ఎవరూ కనుక్కోని మఠం తోటలెన్నో ఎవరు చెప్పగలరు? పండనివాటికి ఏ క్యాలెండరులోనూ చోటు లేదు. ఒకరి ఘనత పక్కనే మరొకరి ముగింపు ఉండటం జాబితాల్లో ఎక్కువగా కనిపించదు. విల్లనోవాకి దగ్గర్లోనే 1957లో తిరుహృదయ మిషనరీ కన్యాస్త్రీలు మదర్ కాబ్రినీ పేరు మీద నెలకొల్పిన విద్యాసంస్థ ఉండేది. ఇటలీ నుంచి వచ్చి వలస కూలీల మధ్య పనిచేసి, 1946లో పునీతురాలైన మొదటి అమెరికా పౌరురాలు ఆవిడ. విద్యార్థులు తగ్గి, డబ్బు చాలక 2024లో ఆ విశ్వవిద్యాలయం మూతపడింది. దాని ఆవరణని విల్లనోవా తీసుకుంది, కాబ్రినీ పేరు ఉంచింది. 1921లో కన్యాస్త్రీలు పెట్టిన రోజ్‌మాంట్ కాలేజీ కూడా విల్లనోవాలో కలిసిపోతుందని 2025 మార్చిలో ప్రకటించారు. ఒకరి పత్రంలో ఇది విస్తరణ. కాబ్రినీలో 2024 మేలో పట్టా అందుకున్నవాళ్లకి మాత్రం అది చివరి సంవత్సరాంతం. ఏటా ఇంటికొచ్చే పూర్వ విద్యార్థుల పత్రిక అడ్రసు ఇక వేరే.

పట్టాలిచ్చే రోజుకి ఇంగ్లిష్‌లో వాడే మాటకి ఆరంభం అని అర్థం. తెలుగులో అది స్నాతకోత్సవం. వేదం చదువు ముగించిన బ్రహ్మచారి తలస్నానం చేసి గురుకులం వదలడం దాని మూలం. పెళ్లికి ముందు వరుడితో చేయించే స్నాతకం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. ఒక భాష ముందున్న దారిని చూసింది, మరొకటి వెనకున్న వాకిలిని చూసింది. మూతపడిన కాలేజీ పట్టభద్రుడి దగ్గర ఆ ముందు దారి ఉంటుంది. వాకిలి ఉండదు.

నవంబరు మొత్తం చర్చి చనిపోయినవారిని తలుచుకునే నెల. చాలా కథోలిక కాలేజీల ప్రార్థనాలయాల్లో అప్పుడు ఒక స్మృతి పుస్తకం తెరిచి పెడతారు. లోపలికి వచ్చినవారు పక్కనున్న పెన్నుతో తమవారి పేర్లు రాస్తారు. ఆచార్యుడి పేరు కింద వంటగది మనిషి పేరు, దాని కింద ఎవరి అమ్మమ్మ పేరో ఉంటాయి. డిగ్రీలు, పదవులు, విరాళాల మొత్తాలు రాసేందుకు గళ్లు ఉండవు. పూజలో ఆ పుస్తకాన్ని బలిపీఠం దగ్గర ఉంచుతారు. క్రీస్తురాజు పండుగ దాటి నెల అయిపోయాక దాన్ని మూసి, మళ్లీ నవంబరు దాకా బీరువాలో పెడతారు.