అనాకీయులు ఇంకా అక్కడే ఉన్నారు



ధ్యానం కొరకు: సంఖ్యాకాండము 13, 14 అధ్యాయాలు, యెహోషువ 14:6-15.

ఓడిపోతామేమో అనే భయం మనలో చాలామందికి కొత్త కాదు. ఇక్కడ అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, సాధారణంగా చేతిలో ఉండే గడువు 60 రోజులు మించదు. ఇంటి లోను, పిల్లల చదువు, ఊళ్లో అమ్మానాన్నల మందుల ఖర్చు, మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడని వాళ్లు నలుగురిలో చెప్పుకునే మాట, ఇవన్నీ ఆ 60 రోజుల మీదే ఆనుకుని ఉంటాయి. కాబట్టి ఈ భయాన్ని ఊరికే విశ్వాసలోపమని కొట్టిపారేయకూడదు. దేవుని వాక్యం కూడా అలా కొట్టిపారేయదు.

మోషే పంపిన 12 మంది వేగులవారు కనానును 40 రోజులు చూసి వచ్చారు. అందరూ చూసిన దేశం ఒక్కటే. ద్రాక్షగెల నిజం, ప్రాకారాలు గల పట్టణాలు నిజం, అనాకీయులు నిజం. పదిమంది అబద్ధపు లెక్కలు తేలేదు. అయితే చివరికి వారు కొలిచింది శత్రువును కాదు, తమను తామే. తమ కళ్లకు తామే మిడతల్లా కనిపించారు. ఆ కొలతలో దేవుడు లేడు. ఓటమి భయం చేసే పని అదే. సమస్యను ఉన్నదానికంటే పెద్దది చేయనక్కరలేదు, లెక్కలోనుండి దేవుణ్ణి తీసేస్తే చాలు.

కాలేబు మాత్రం పూర్ణమనస్సుతో తనను అనుసరించాడని దేవుడే సాక్ష్యమిచ్చాడు. మరి ఆ రోజు కాలేబు గెలిచాడా? లేదు. జనులు అతని మాట వినకపోగా, రాళ్లతో కొట్టి చంపుదామన్నారు. ఇతరుల అవిశ్వాసం వల్ల అతనూ వారితో పాటు అరణ్యంలో ఏళ్లతరబడి తిరగవలసి వచ్చింది. పూర్ణమనస్సుతో నడిచినవాడికి మరుసటి రోజే ఫలితం దొరకలేదు. ఈ సంగతి మనం సాధారణంగా ప్రసంగాల్లో త్వరగా దాటేస్తాం.

పూర్ణమనస్సంటే దూకుడు కూడా కాదు. అదే అధ్యాయం చివర, దేవుడు వద్దన్న తరువాత కొందరు ధైర్యంగా కొండ ఎక్కారు. మందసము పాళెములోనే ఉండిపోయింది, వారు ఓడిపోయారు. విధేయత లేని ధైర్యం విశ్వాసం కాదు. అలాగే రెజ్యూమె సిద్ధం చేసుకోవడం, కొంత డబ్బు దాచుకోవడం అవిశ్వాసం కాదు. ఎటు నడవాలో భయమే నిర్ణయించినప్పుడు మన హృదయం రెండుగా చీలుతుంది. ఇశ్రాయేలీయులు నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకు తిరిగి వెళ్దామనుకున్నది అందుకే.

45 ఏళ్ల తరువాత 85 ఏళ్ల కాలేబు యెహోషువ ఎదుట నిలిచి ఆ కొండసీమనే అడిగాడు. అక్కడ అనాకీయులున్నారని, పట్టణాలు గొప్పవని, ప్రాకారాలు గలవని తానే చెప్పాడు. ఆ పదిమంది చెప్పిన మాటలే అవి! వాస్తవాలు మారలేదు. అయినా అతడు ఆ చోటే అడిగాడు. ఇంకొక సంగతి గమనించండి. యెహోవా తనకు తోడుగా ఉంటే అని అతను అన్నచోట, హెబ్రీలో ఉన్న మాటకు 'బహుశా' అనే అర్థం వస్తుంది. ఫలితం తన గుప్పిట్లో ఉన్నట్టు కాలేబు మాట్లాడలేదు. దేవుని వాగ్దానం మీద ఆనుకుని, ఫలితాన్ని దేవుని చేతికి వదిలి అడుగు వేశాడు. హెబ్రోను అతనికి స్వాస్థ్యమైంది.

మనకు కాలేబుకంటే గట్టి ఆధారం ఉంది. లోకం కళ్లకు సిలువ పూర్తి పరాజయం. శిష్యులు తలుపులు మూసుకున్నారు. మూడవ దినాన ఆ పరాజయంలోనుండే దేవుడు మన రక్షణను బయలుపరిచాడు. క్రీస్తునందున్నవారికి శిక్షావిధి లేదని రోమా 8వ అధ్యాయం చెబుతుంది. ఉద్యోగం పోవచ్చు, పరీక్ష తప్పవచ్చు, వీసా రాకపోవచ్చు. వాటిలో ఏ కాగితమూ మనం ఎవరి బిడ్డలమో తేల్చదు.

ఇందులో సంఘానికీ ఒక హెచ్చరిక ఉంది. సాక్ష్యాల సమయంలో గ్రీన్‌కార్డు, కొత్త ఇల్లు, ప్రమోషన్ మాత్రమే వినిపిస్తే, ఉద్యోగం పోయిన సహోదరుడు ఆదివారం వెనుక వరుసలో కూర్చుని, ఎవరూ పలకరించకముందే వెళ్లిపోతాడు. దేవుని కృప గెలిచినవారి ఇంట్లోనే ఉంటుందని మనకు తెలియకుండానే అతనికి బోధిస్తున్నాం. ఇంకా జవాబు రానివారికి కూడా సాక్ష్యం చెప్పే చోటు ఇద్దాం. వారి ఇంటికి భోజనం పట్టుకెళ్దాం, రెజ్యూమె చూసి పెడదాం, ఆ 60 రోజులూ వారితో కలిసి ప్రార్థిద్దాం.

ఈ వారం మీ ఎదుట ఉన్న అనాకీయుల పేర్లు దాచకుండా దేవుని సన్నిధిలో చెప్పండి. తరువాత ఆయన మీకు చూపిన ఒక్క పని, భయంతో వాయిదా వేస్తున్న ఆ పనినే, పూర్ణమనస్సుతో మొదలుపెట్టండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా లెక్కలోనుండి నిన్ను తీసేసిన ప్రతిసారీ మమ్మును క్షమించుము. గెలుపులోను ఓటమిలోను నిన్నే వెంబడించే పూర్ణమనస్సు మాకు దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.