చేయి పట్టి రాయించాం, చేయి వదిలి ఆడనిద్దాం

 

మాది ఆదిలాబాద్. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా వైపు పిల్లల అక్షరాభ్యాసం అంటే బాసరే గుర్తొస్తుంది. గోదావరి ఒడ్డున సరస్వతమ్మ సన్నిధిలో, బిడ్డ చేయి పట్టుకుని మొదటి అక్షరం దిద్దిస్తాం. అది వంకర పోయినా ఆ రోజు ఎవరూ కోప్పడరు. మురిసిపోతాం.

నాలుగేళ్లు తిరిగేసరికి అదే బిడ్డ అండర్-9 చెస్ టోర్నమెంట్‌కి వెళ్తాడు. రౌండ్ అయ్యి బయటికి రాగానే గేటు దగ్గర వినపడే మొదటి మాట "గెలిచినవా?" నీళ్లు తాగినవా అని తర్వాత ఎప్పుడో అడుగుతాం. ఓడిన పిల్లవాడి ఏడుపులో సగం గేమ్ పోయినందుకు, సగం నాన్న ముఖం మారినందుకు.

గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం మనలో చాలామందికి నోటికొచ్చు. పని మీదే నీకు అధికారం, ఫలం మీద లేదు అన్నంత వరకు చెప్పుకుని ఆగిపోతాం. కానీ స్వామి చివర్లో ఇంకో హెచ్చరిక చేశాడు. అసలు పనే మానేద్దాం అన్న ఆలోచన మీద మనసు పెట్టుకోవద్దు అన్నాడు. పిల్లల చెస్‌లో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మన కళ్లలో ట్రోఫీ పెద్దదయ్యేకొద్దీ వాడికి బోర్డు అంటే భయం పెరుగుతుంది. ఒకరోజు పొద్దున్నే "కడుపు నొస్తుంది, నేను రాను" అంటాడు. అలా ఒక మంచి ఆట ఆ ఇంట్లో ఆగిపోతుంది.

నిజానికి ఈ ఆట నియమాల్లోనే బోలెడు ధర్మం ఉంది. పిల్లల టోర్నమెంట్లు ఎక్కువగా స్విస్ పద్ధతిలో జరుగుతాయి. ఒక రౌండ్ ఓడితే ఇంటికి పంపరు, దాదాపు అదే స్కోరు ఉన్నవాడితో మళ్లీ కూర్చోబెడతారు. చేసిన కర్మ స్కోరులో ఉంటుంది, తర్వాతి ఎత్తు మాత్రం మన చేతిలోనే ఉంటుంది. ఆడదామని ముట్టుకున్న పావునే ఆడాలి. ఓడినా చేయి కలపాలి, స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టాలి.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి గారినే చూడండి. 1997లో అండర్-10 బాలికల ప్రపంచ ఛాంపియన్. 2024 డిసెంబర్‌లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. 2025 జులైలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడారు. అంత పెద్ద క్రీడాకారిణికే ఓటమి తప్పనప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఎందుకు తప్పాలి?

మరి తల్లిదండ్రులు ఏం చేయాలి? కృష్ణుణ్ణి చూసి నేర్చుకోవాలి. ఆయన పగ్గాలు పట్టాడు, అర్జునుడి ప్రతి సందేహానికీ ఓపిగ్గా జవాబిచ్చాడు, కానీ గాండీవం లాక్కోలేదు. పద్దెనిమిది అధ్యాయాల బోధ ముగిశాక కూడా బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యి అనే అన్నాడు. టోర్నమెంట్ హాల్లోకి అమ్మానాన్నలను రానివ్వకపోవడం కూడా అలాంటిదే. దించి రావడం, టిఫిన్ పెట్టడం, ధైర్యం చెప్పడం మన పని. ఎత్తు మాత్రం వాడిదే.

మనలో చాలామందికి ఇంకా పిల్లలు లేరు. కానీ అక్క పిల్లలో, అన్న పిల్లలో ఉంటారుగా! ఈసారి వాళ్లు బోర్డు దగ్గర్నుంచి లేచి వస్తే "ఏ ఎత్తు నచ్చింది బిడ్డా?" అని అడగండి. స్కోర్‌షీట్ తీసి వాళ్లే చూపిస్తారు. ఓడిన గేమ్ అయినా సరే.

కృష్ణార్పణమస్తు.