కొన్నవాని హక్కు

వెలయిచ్చి కొన్న వస్తువు కొన్నవానిది గాక మఱెవ్వరి దగును? వింతప్రశ్నవలెఁ దోఁచును గాని, అమెరికా రైతుల విషయమున నిది న్యాయస్థానములదాఁకఁ బోయినది.

అచ్చటి ట్రాక్టరు నేఁడు వట్టి యినుము గాదు. దానిలోఁ గంప్యూటరు కలదు. చెడిన భాగమును రైతు స్వయముగా మార్చుకొన్నను, కొన్నిచోట్ల డీలరు వచ్చి తన సాఫ్టువేరుతో నంగీకరింపఁజేసినఁ గాని యంత్రము పనిచేయదు. పంట పండి, మబ్బు పట్టియుండఁగా, పని తెలిసిన రైతు గట్టునఁ గూర్చుండి యితరుని రాకకై యెదురుచూడవలసినదే! ధననష్టముకంటె నీ యవమానమే నాకు గొప్పదిగాఁ గనఁబడుచున్నది. బాగుచేయ నేర్చినవానికే వస్తువుతో నిజమైన పరిచయము. ఆ పరిచయమును నిషేధించినచో నతఁడు తన సొత్తునకుఁ దానే పరాయివాఁడగును.

2015లో జాన్ డీర్ కంపెనీ కాపీరైటు కార్యాలయమునకు వ్రాయుచు, కొన్నవానికి వాహనమున్నంతకాలము దానిని నడుపుకొను ననుమతి లభించునని వాదించెను. అనుమతియఁట! ఆ యేఁటనే ప్రభుత్వము, మరమ్మతుకై సాఫ్టువేరు తాళమును దీయవచ్చునని మినహాయింపు నిచ్చెను. కాని తాళము దీయవచ్చు ననుట వేఱు, తాళపుచెవి నిచ్చుట వేఱు గదా.

రైతు చేయి పెట్టినచోఁ బొగ నదుపుచేయు నేర్పాటు చెడును, ప్రమాదము గలుగునని కంపెనీల మాట. అది త్రోసివేయఁదగినది గాదు. అయినను చెఱుపఁగలఁడను శంకచే బాగుచేయు చేతులనుగూడఁ గట్టివేయుట న్యాయమా? 2023లోఁ గొలరాడో రాష్ట్రము చేసిన శాసనము ఈ రెంటిని వేఱుపఱచినది: మరమ్మతు పుస్తకములను, పనిముట్లను, సాఫ్టువేరును రైతునకుఁ గంపెనీ యందీయవలయును, రక్షణ సూచనలను ఆఁపుటకు, పొగ నియమములను దప్పించుకొనుటకు మాత్రము వీలులేదు. 2024 జనవరి 1 నుండి యది యచ్చట నమలులోనికి వచ్చినది.