న్యాయస్థానపు దస్త్రములు – కాయక ధర్మము

స్థలములు కొని అమ్ముట వృత్తిగా గలవారు పూర్వము అమ్మకపు బోర్డులు వెదకుచు, మధ్యవర్తుల నాశ్రయించుచు తిరుగుచుండిరి. నేడు వారిలో కొందరు, అమ్మవలెనను తలంపు యజమానికి కలుగకమునుపే అతని గడప చేరుచున్నారు. వారికి దారి చూపునది న్యాయస్థానపు దస్త్రము. భాగపంపకపు దావా, డిక్రీ అమలు పిటిషను, వేలము ప్రకటన, బ్యాంకువారి స్వాధీన నోటీసు – వీనిలో ఏది కనబడినను అచట ఒక ఇల్లు త్వరలో చేతులు మారునని వారు గ్రహింతురు. ఒకప్పుడు ఇందులకై కోర్టు వరండాలో నోటీసు బోర్డు చెంత గంటలకొలది నిలువవలసి యుండెడిది. వకీలు గుమాస్తాను మంచి చేసికొనవలసి యుండెడిది. 2007లో ఈ–కోర్టుల పథకము ఆరంభమైన పిమ్మట జిల్లా కోర్టుల వ్యాజ్యముల వివరములు, కక్షిదారుల పేర్లతో సహా, క్రమముగా ఎల్లరకును అందుబాటులోనికి వచ్చినవి. ఇప్పుడు చేతిలోని ఫోను చాలును.

దీనిని తొందరపడి పాపమనరాదు. న్యాయవిచారణ మూసిన తలుపుల వెనుక జరుగరాదనియే దస్త్రములు తెరచి యుంచిరి. కొనువాడు వానిని చూడకుండుట అవివేకము. 1882నాటి ఆస్తి బదిలీ చట్టము 52వ సెక్షను ప్రకారము, వ్యాజ్యము నడుచుచుండగా కొన్న ఆస్తి ఆ వ్యాజ్యపు తీర్పునకు లోబడియే యుండును. జీవితకాలపు కష్టార్జితముతో 150 గజములు కొను చిన్న ఉద్యోగికి దస్త్ర పరిశీలన ఆత్మరక్షణయే. అప్పులపాలైన గృహస్థునకు వేలములో కంటె సూటిగా కొనువాని వలన మంచి వెల దొరకుటయు కలదు. ఈ వర్తకులు చెప్పుకొను సమర్థనలో సత్యము లేకపోలేదు. చిక్కు అంతయు దస్త్రము చదువుటకును, తలుపు తట్టుటకును నడుమ నున్నది.

హైదరాబాదునకు ఆగ్నేయముగా నున్న మీర్‌పేట్ ఒకప్పుడు చెరువులు, పొలములు గల గ్రామము. 2019లో జిల్లెలగూడతో కూడి నగరపాలక సంస్థ యయ్యెను. పొలము ప్లాట్లుగా మారినచోట గజము వెలతో పాటు తోబుట్టువుల వివాదములును పెరుగుట సహజము. అట్టి పొలములో తన భాగము కోరి ఒక ఆడుబిడ్డ ఎల్.బి.నగరులోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానమున దావా వేసినదని ఊహింపుడు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమాన హక్కు నిచ్చుచు ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినను, అప్పటికే పెండ్లియైన కుమార్తెలను అది విడిచిపెట్టెను. 2005నాటి కేంద్ర సవరణతో ఆ భేదము తొలగినది. హక్కు చట్టములో వచ్చినది గాని, దానిని అడిగిన దినముననే ఆమెకు పుట్టింటి గడప మూతపడినది. అన్నదమ్ములు పలుకరింపరు, పండుగకు పిలుపు లేదు, వాయిదా మీద వాయిదా.

అప్పుడొక అపరిచితుడు వచ్చి, దావా సంఖ్య మొదలు తరువాతి వాయిదా వరకు అప్పగించి, “అమ్మా, ఇది ఇరవై యేళ్లకు కూడా తేలదు. మీ వాటా నాకు రాసివ్వండి, డబ్బు ఇవాళే ఇస్తాను” అనును. అతడు దొంగిలించినది లేదు. వ్యాజ్యము జాగగునన్న మాట అసత్యమును కాదు. అయినను ఆమె అలసట ఎంతవరకు వచ్చినదో వాయిదాలు లెక్కించి తెలిసికొని, ఆ అలసటకే అతడు వెల కట్టినాడు. ఆమె భాగము నేడు ఎంత చేయునో అతనికి తెలియును; ఆమెకు తెలియదు.

శరణుల చరితలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఈ సందర్భమున స్మరింపదగినది. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము నడుపుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. ముంగిలి తెరచియే యున్నది, వలదన్నవారు లేరు. అయినను లక్కమ్మ అంగీకరింపక, మిక్కిలిని తిరిగి అచటనే పోసి రమ్మనెను. ఏరుట తప్పా ఒప్పా అను విచారము ఆమెకు కలుగలేదు. ఆమె చూచినది ఏరిన చేతిలో పుట్టిన ఆశను. రాలిన గింజకు యజమాని లేడు. దస్త్రములోని ప్రతి వరుస వెనుక ఒక పొయ్యి వెలుగుచున్నది.

చట్టమునకును ఈ సంకోచము లేకపోలేదు. వేలముతో సంబంధించిన విధులు గల అధికారి ఆ వేలములో పాడరాదు. ఉమ్మడి నివాసగృహములో భాగము కొన్న పరుడు పంపకమునకై దావా వేసినచో, ఆ భాగమును కోర్టు కట్టిన వెలకు కుటుంబములోని వాటాదారుడు తిరిగి కొనుటకు 1893నాటి పంపకపు చట్టము వీలు కల్పించెను. డిక్రీ కింద ఇల్లు వేలమైనను, 60 దినములలోపల బాకీని, కొన్నవానికి వేలపు సొమ్ముపై నూటికి 5 వంతున పరిహారమును కోర్టులో కట్టి ఆ వేలమును రద్దు చేయించుకొనవచ్చును. బ్యాంకు తాకట్టు విషయమున గడువు ఇరుకైనది. 2016 సవరణ తరువాత వేలపు ప్రకటన వెలువడకమునుపే బాకీ అంతయు తీర్చవలయును. దస్త్రములు చదువుటలో ఆరితేరినవానికి ఈ గడువులన్నియు కంఠస్థములు. వానిని ఇంటివారికి చెప్పి, ఆ పిమ్మట బేరమాడువాని వృత్తిని కాయకమనుటకు అభ్యంతర ముండదు. చెప్పినచో బేరము పోవునని దాచువాని వృత్తికి వేటయను పేరే తగును.

ఇట్టి లాభములో కొంత దాసోహమునకు వచ్చినచో మఠము ఏమి చేయవలెను? రసీదు వ్రాసి పుచ్చుకొనుట సులభము. కాయకమున పుట్టిన ద్రవ్యమే దాసోహమునకు తగునను నియమమును ఆదివారపు ప్రసంగములో వినిపించి, సోమవారము పెట్టె తెరచి యుంచుట మఠమునకు శోభ కాదు. దాతను విచారించుట మర్యాద కాదని కొందరందురు. ఆ మర్యాద వలన నష్టపోవునది మఠము కాదు, మీర్‌పేట్‌లోని ఆ ఆడుబిడ్డ.

దస్త్రములు మఠపు పెద్దలకును తెరచియే యున్నవి. 1987నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయముతో నిమిత్తము లేకయే, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు; అందులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టిన చాలును. దావా సంఖ్యతో సహా వచ్చిన ఆ అపరిచితునకు ఈ సంగతి తెలియకపోదు. అతనికంటె ముందుగా ఆ గడపకు వెళ్లి ఆమెతో ఈ మాట చెప్పువారు సమాజములో ఎందరు కలరు?