మరో గుప్పెడు బియ్యం

కోనసీమలోని లంకల గన్నవరం నుంచి ఒక ఇల్లాలు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి బయలుదేరారు. గుమ్మంలో ఏ వేళకు ఎవరు వచ్చి నిలబడతారో తెలియని సంసారం ఆమెది. ఊరు దాటడమే అరుదు. ఎన్నాళ్ల నుంచో మనసులో ఉన్న కోరిక ఆనాటికి తీరబోతోంది. దారిలో ఒకచోట బోయీలు పల్లకి దించి అలుపు తీర్చుకుంటున్నారు. దగ్గర్లోనే బాటసారుల గుంపొకటి ఆగింది. వాళ్లతో ఉన్న పసిపిల్లలు ఆకలికి తాళలేక ఏడుస్తున్నారు. ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరామంటే సీతమ్మగారింట్లో కడుపునిండా అన్నం పెడతారని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. ఆ మాట పల్లకిలో ఉన్న సీతమ్మగారి చెవిన పడింది. వెంటనే పల్లకి వెనక్కి తిప్పించారు. ఆ పిల్లలు ఇల్లు చేరేసరికి విస్తళ్లు వేసి ఉన్నాయి.

డొక్కా సీతమ్మ గురించి గోదావరి జిల్లాల్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. ఆమె 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరం ఆకలన్నవారికి లేదనకుండా పెట్టేవారు కనుక ఊరివాళ్లు ఆయన్ని ‘బువ్వన్న’ అని పిలుచుకునేవారట. డొక్కా జోగన్నను పెళ్లాడి ఆమె లంకల గన్నవరం కాపురానికి వచ్చారు. పక్కనే వైనతేయ గోదావరి. రేవు దాటాల్సిన ప్రయాణికులు, వరదకు చిక్కిన లంక రైతులు, పొద్దుగూకాక దారి తప్పినవాళ్లు అందరికీ ఆ ఇల్లే దిక్కు. కులం అడగలేదు, వేళ చూడలేదు. 1909లో ఆమె కన్నుమూశారు. గన్నవరం అక్విడక్టు ఇప్పుడు ఆమె పేరుతోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలకు పెట్టే మధ్యాహ్న భోజన పథకానికీ 2024లో ఆమె పేరే పెట్టారు.

అంతర్వేది స్వామి రేపటిదాకా ఆగుతాడు. పిల్లల ఆకలి ఆగదు. ఈ సంగతి తేల్చుకోవడానికి ఆ ఇల్లాలికి క్షణం పట్టలేదు.

సాధన అనగానే మనకు జపమాల, తీర్థయాత్ర, కొండ మీది గుహ గుర్తొస్తాయి. వంటిల్లు గుర్తురాదు. మన పూర్వులు మాత్రం నాలుగు ఆశ్రమాల్లో గృహస్థాశ్రమాన్నే మిగతా మూడింటికీ ఆధారమన్నారు. బ్రహ్మచారికైనా, వానప్రస్థుడికైనా, సన్యాసికైనా ముద్ద పెట్టేది సంసారే కదా! ఆ ముద్ద తయారయ్యే చోటు గురించి వాళ్లు ఎంత లోతుగా ఆలోచించారో చెప్పడానికి ‘పంచసూనలు’ అనే ఒక్క మాట చాలు.

మనుస్మృతి మూడో అధ్యాయంలో వస్తుంది ఆ మాట. సూన అంటే ప్రాణం పోయే చోటు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ... ఇంట్లో ఈ ఐదింటి దగ్గరా కంటికి ఆనని ప్రాణులెన్నో రోజూ నలిగిపోతుంటాయి. తెలిసి చేసిన పాపం కాదు. అయినా బాకీ బాకీయే. మనం తినే ప్రతి మెతుకు వెనకా ఏవో ప్రాణాలు పోయాయి కాబట్టి, ఆ బాకీ తీర్చుకోవడానికి గృహస్థుకు నిత్యం ఐదు యజ్ఞాలు విధించారు. వేదం చదవడం, చదివించడం బ్రహ్మయజ్ఞం. హోమం దేవయజ్ఞం. పెద్దలకు తర్పణం వదలడం పితృయజ్ఞం. మూగజీవాలకు ఇంత ముద్ద వేయడం భూతయజ్ఞం. ఇంటికొచ్చినవారిని ఆదరించడం మనుష్యయజ్ఞం.

ఈ ఐదూ మన ఇళ్లలో ఇప్పటికీ పేరు లేకుండా సాగుతూనే ఉన్నాయి. సాయంత్రం దీపం పెట్టాక మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పద్యం వల్లెవేయించే తాతయ్య, ఎండాకాలంలో పిట్టగోడ మీద మూకుడుతో పక్షులకు నీళ్లు పెట్టే పిల్లాడు, అమ్మమ్మ తిథి నాడు ఆమెకిష్టమైన కూర వండి నలుగురికీ పెట్టే కూతురు... వాళ్లు చేస్తున్నది యజ్ఞమని ఎవరూ చెప్పి ఉండరు. ఆ పూట గడిచాక మనసు ఎందుకు తేలికపడిందో వాళ్లకు మాత్రం తెలుసు.

మహాభారతం అరణ్యపర్వంలోని కౌశికుడి కథ తెలుగువారికి కొత్త కాదు. తల మీద రెట్ట వేసిన కొంగను కోపంగా చూసి నేలకూల్చినంత తపశ్శక్తి ఆయనది. భిక్షకు వెళ్లిన ఇంట్లో ఇల్లాలు, అప్పుడే ఆకలితో ఇంటికొచ్చిన భర్తకు వడ్డించి, ఆలస్యంగా బయటికి వచ్చింది. కౌశికుడు మండిపడ్డాడు. నీ చూపుకు పడిపోవడానికి నేను కొంగను కానని ఆమె నెమ్మదిగా బదులిచ్చింది. అడవిలో ఎవరూ చూడని సంగతి ఈమెకెలా తెలిసిందని ఆయన నిర్ఘాంతపోయాడు. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్లి ధర్మవ్యాధుణ్ని కలవమంది ఆమె. వెళ్లి చూస్తే ఆయన మాంసం అమ్ముకునే మనిషి. కౌశికుణ్ని ఇంటికి తీసుకెళ్లి, శుభ్రమైన గదిలో ఆసనాల మీద కూర్చున్న ముసలి తల్లిదండ్రుల్ని చూపించాడు. తన దేవుళ్లు వీళ్లేనన్నాడు. అంతా విన్నాక కౌశికుడు తిరిగి తపస్సుకు వెళ్లలేదు. తాను వదిలేసి వచ్చిన తల్లిదండ్రుల దగ్గరికి, ఇంటికి వెళ్లాడు. అప్పటికి వాళ్లు కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు.

కన్నవాళ్ల సంగతి అలా ఉంటే, స్నేహం సంగతి కుచేలుడు చెబుతాడు.

భాగవతం దశమ స్కంధంలో ఆయన ద్వారకకు వెళ్లే ఘట్టాన్ని మనం సాధారణంగా పేదవాడికి సిరి దక్కిన కథగా గుర్తుపెట్టుకుంటాం. పోతన తెలుగులో చదివినవారికి మరో సంగతి కూడా తడుతుంది. కాళ్లు కడిగి, పక్కన కూర్చోబెట్టుకున్నాక కృష్ణుడు మొదట ఎత్తిన ప్రస్తావన సంపద గురించి కాదు. సాందీపని ఆశ్రమంలో చదువుకునే రోజుల్లో గురుపత్ని కట్టెలు తెమ్మంటే ఇద్దరూ అడవికి వెళ్లడం, జడివాన ముంచెత్తడం, చీకట్లో దారి తెలియక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తిరగడం, తెల్లవారాక గురువే వెతుక్కుంటూ రావడం... అవన్నీ గుర్తుచేశాడు. ఆ తర్వాతే, నాకేం తెచ్చావని అడిగాడు. ఆయన దాచుకోబోయిన అటుకుల మూటను తానే లాక్కున్నాడు. ఒక గుప్పెడు తిన్నాడు. రెండో గుప్పెడు తీసుకోబోతే రుక్మిణి చెయ్యి పట్టుకుని ఆపింది. కుచేలుడు ఏమీ అడగలేదు. కృష్ణుడూ చేతికి ఏమీ ఇచ్చి పంపలేదు. అయినా తిరుగు ప్రయాణంలో ఆ పేదవాడి మనసు నిండిపోయి ఉంది. ఇంటి దగ్గర మేడలు లేచిన సంగతి అప్పటికింకా ఆయనకు తెలియదు.

ఏళ్ల తరబడి కలవని బాల్యమిత్రులు ఇద్దరు ఒకచోట కూర్చుంటే ఈ రోజుకీ జరిగేది ఇదే. హోదాలు, ఇళ్లు, వాహనాల కబుర్లు పది నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత ఏదో ఒక వాన రాత్రి గుర్తొస్తుంది. అక్కడి నుంచి టైమెంతయిందో ఇద్దరికీ తెలియదు.

ఇలా నలుగురూ కూడే వేళను తెలంగాణ ఆడపడుచులు ఏకంగా తొమ్మిది రోజుల వ్రతంగా మలుచుకున్నారు. ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే బతుకమ్మకు గుడి అక్కర్లేదు, పూజారి అక్కర్లేదు. మగపిల్లలు చెలకల వెంట తిరిగి తెచ్చిన తంగేడు, గునుగు పూలను తాంబాళంలో వరసలుగా పేరుస్తారు. పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు, వాడకట్టులోని వదినలు, అత్తలు అందరూ ఆ పూల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు. అత్తింటి కష్టం కూడా ఆ పాటల్లో పాటై కొంత బరువు దించుకుంటుంది. చెరువులో బతుకమ్మను సాగనంపాక గట్టు మీద కూర్చుని పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులిహోర, మలీద ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. ఎవరింటి సద్ది వాళ్లే తినేసి వెళ్లే ఆనవాయితీ లేదు. 2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. అంతకు ముందూ, ఆ తర్వాతా దాన్ని నిలబెడుతున్నది ఆ గట్టు మీది పంపకమే.

నెల్లూరులో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగలో ఈ పంపకం ముక్కూమొహం తెలియనివారి దాకా వెళుతుంది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో, మోకాళ్ల లోతు నీళ్లలో జనం నిలబడతారు. చదువు కోసం, పెళ్లి కోసం, సంతానం కోసం, ఆరోగ్యం కోసం ఒక్కో రొట్టె. కోరిక తీరినవారు మరుసటి ఏడు రొట్టె తెచ్చి, అదే కోరికతో వచ్చినవారి చేతిలో పెడతారు. హిందువూ ముస్లిమూ అన్న తేడా ఆ నీళ్లలో కనపడదు. తన ఇంట ఊయల కట్టుకున్న తల్లి, ఊయల కోసం ఎదురుచూస్తున్న మరో ఆడమనిషిని వెతుక్కుంటూ వస్తుంది.

కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలదీ ఇదే దారి. చెట్టు మొదట్లో దీపం పెట్టి, విష్ణువును పూజించి, ఆ నీడలోనే బంతి భోజనానికి కూర్చుంటారు. ఊళ్లో ఎడముఖం పెడముఖంగా ఉన్న అన్నదమ్ములు కూడా బంతిలో పక్కపక్కన కూర్చుని పప్పు అందుకోక తప్పదు. దేశం దాటి వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడా పార్కుల్లో కలుసుకుని ఈ పండుగ జరుపుకుంటున్నాయి. పులిహోర ఒకరిది, పప్పు ఒకరిది, గారెలు మరొకరివి. అక్కడ పుట్టిన పిల్లలకు పిన్ని, బాబాయి, అత్తయ్య వరసలు నోట పలికేది ఆ బంతిలోనే.

అయితే, ఇంత చెప్పుకున్నాక దాటవేయకూడని ప్రశ్న ఒకటుంది. బంతి అంతా లేచాక వంటింట్లో ఒక్కతే కూర్చుని అడుగున మిగిలింది తినే ఆమెను ఎవరు పలకరించారు? పండగ అందరిదీ అయి, పని ఒక్కరిదే అయితే ఆ యజ్ఞంలో లోటున్నట్టే. పంచయజ్ఞాలు చెప్పిన ఆ అధ్యాయంలోనే వడ్డన వరస కూడా ఉంది. కొత్త కోడళ్లకు, పిల్లలకు, జబ్బు మనుషులకు, గర్భిణులకు అతిథుల కంటే ముందే పెట్టాలి. అతిథులు, ఇంట్లో పనిచేసేవారు అందరూ తిన్నాక, చివర్లో భార్యాభర్తలిద్దరూ తినాలి. చివర్లో తినడం ఆమె ఒక్కదానికే రాసిపెట్టలేదు. భర్త ముందుగా చేయి కడుక్కుని లేచిపోయే అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో గానీ, ఆ వరసలో మాత్రం లేదు. పండగనాడు మొగవాళ్లు నడుం కట్టి వడ్డించి, వండిన చేతులకు విస్తరి వేసి, ఇంకొంచెం వేయనా అని కొసరి పెట్టే ఇళ్లు ఇప్పుడిప్పుడు కనిపిస్తున్నాయి. అలా పెట్టించుకున్న నాడు ఆ తల్లుల మొహాల్లో కనిపించే వెలుగును పిల్లలు మరిచిపోరు.

సీతమ్మగారు బతికిన కాలం వేరు. ఈనాటి అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి బాటసారి తలుపు తట్టడు. కానీ పక్క ఫ్లాట్‌లో పిల్లలు విదేశాలకు వెళ్లాక ఒంటరిగా మిగిలిన పెద్దాయన ఉంటారు. పై అంతస్తులో కాలేజీ కోసం ఊరు విడిచి వచ్చిన కుర్రాళ్లుంటారు. ఊరి నుంచి ఆసుపత్రి పని మీద చెప్పాపెట్టకుండా దిగే మేనమామ ఉంటాడు. ఆకలి రూపం మార్చుకుంది. ఒకోసారి అది అన్నం ఆకలి, ఎక్కువసార్లు మాట ఆకలి.

పాతకాలపు అమ్మమ్మలు కొందరు ఇప్పటికీ కుక్కర్లో బియ్యం పోసేటప్పుడు ఒక పని చేస్తారు. ఇంట్లో ఎందరున్నారో లెక్కపెట్టి గ్లాసుతో కొలుస్తారు. కొలత అయిపోయాక చెయ్యి మళ్లీ డబ్బాలోకి వెళుతుంది. కోడలు ఎవరైనా వస్తున్నారా అత్తయ్యా అని అడుగుతుంది. వస్తారేమోనే అంటూ, అమ్మమ్మ మరో గుప్పెడు బియ్యం వేసి మూత పెడుతుంది.