రాముడి వేళ్లు, మా శనక్కాయలు

‘ఉడతాభక్తి’ అనే మాట పుట్టించిన మహానుభావుడు మిద్దె మీద శనక్కాయలు ఎండబోసి ఎన్నడూ కాపలా కూర్చున్నట్టు లేదు. తమిళనాడులో మా ఉడుమలైపేట ఉడతలో భక్తి నాకెక్కడా కనబడలేదు. చీటీ బాకీ వసూలుకొచ్చినవాడిలా వస్తుంది. పిట్టగోడ దిగి, నా కాళ్ల పక్కనుంచే నడిచి, కుప్ప దగ్గర ఆగుతుంది. మొదట దొరికిన కాయ తీసుకోదు. రెండు మూడు వాసన చూసి వదిలేసి, నచ్చింది ఏరుకుంటుంది. ముందరి కాళ్లతో పట్టుకుని తిప్పి, కొన దగ్గర కొరికి, డొల్ల అక్కడే పడేసి, ఒక పక్క కంటితో నన్ను చూస్తూ నములుతుంది. పేపరు మడిచి ఆడిస్తే మూరెడు వెనక్కి జరుగుతుంది. సరిగ్గా మూరెడే. నా చెయ్యి ఎంతదాకా సాగుతుందో నాకంటే దానికే బాగా తెలుసు. మా ఆవిడ మెట్లెక్కుతున్న చప్పుడైతే మాత్రం కాయ కూడా వదిలేసి కొబ్బరిచెట్టెక్కేస్తుంది. ఆవిడ గురి తప్పదు.

దీన్ని ధైర్యమనడానికి నాకు మనసొప్పడం లేదు. ధైర్యమైతే ఎవరి ముందైనా ఒకేలా ఉండాలి. ఇది మనిషిని చదవడం. ఆ చదువులో నాకు పడ్డ మార్కులు బయటికి చెప్పుకునేవి కావు.

ఇక్కణ్ణుంచి మూణారు దారి పట్టి కేరళ హద్దు దాటగానే చిన్నారు అడవి. అక్కడ బూడిదరంగు పెద్ద ఉడతలున్నాయి. తోకతో కలిపి రెండడుగులు దాటే జంతువు, మా ఇంటిదాని పక్కన నిలబెడితే ఏనుగే. అయినా మనిషి అలికిడైతే కొమ్మకు కరుచుకుపోయి కదలదు. అంత ఒళ్లున్నదానికి అంత భయం, గుప్పెడంత ప్రాణికి ఇంత పొగరు! తేడా ఉడతల్లో ఉందనుకోను. మనుషులతో వాటికున్న పాత లెక్కల్లో ఉంది.

మా ఇళ్లలో ఆ లెక్క తేల్చింది అవ్వలు. చిన్నప్పుడు రాయి తీస్తే చాలు, “ఒరేయ్, దాని వీపు మీద రాముడి చెయ్యుందిరా” అని కేక పడేది. వాల్మీకిలో లేని ఆ ఉడత మన రంగనాథ రామాయణంలో ఉంది. అంతకు శతాబ్దాల ముందే తొండరడిప్పొడి ఆళ్వారు ‘తిరుమాలై’ పాశురాల్లోనూ ఉంది. తెలుగు నేలనుంచి కథ మూట గట్టుకొచ్చిన మా పెద్దలకు ఇక్కడ తమిళంలోనూ అదే ఎదురైందన్నమాట. రెండు భాషల అవ్వలు కలిసి ఇచ్చిన అభయం ముందు ఏ పిల్లవాడి వడిసెల నిలుస్తుంది? (మా ఉడతకు మూడే చారలు, ఉత్తరాదిలో ఎక్కువగా ఐదు చారల ఉడతలు. అక్కడ రాముడు మూడు వేళ్లతో సరిపెట్టుకోక అయిదూ ఆనించి నిమిరాడనుకోవాలి.) ఆ కథ ఉడతకు తెలియదు. తరతరాలుగా రాయి పడలేదన్నది మాత్రం తెలుసు. నా శనక్కాయలు పోతున్నది ఆ పడని రాళ్ల పుణ్యమే.

ఈ అభయం ఎంత గట్టిదో 2021 జూన్‌లో తమిళనాడంతా చూసింది. తీగల మీద ఉడతలు పరుగెత్తడం వల్ల కూడా కరెంటు పోతోందని విద్యుత్ మంత్రి సెంథిల్ బాలాజీ అన్నారు. పీఎంకే పార్టీ వ్యవస్థాపకుడు డాక్టర్ రామదాసు మొదలు అందరూ ఎగతాళికి దిగారు. జనం నవ్వింది మంత్రిని చూసి. ఉడతను తప్పుబట్టినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. నిజానికి మంత్రి చెప్పింది అబద్ధమేం కాదు. ఒక తీగ మీద ఉన్నంతసేపు దానికేమీ కాదు, ఒళ్లు రెండో తీగకో ఇనుప చట్రానికో తగిలితే దాని ప్రాణమూ మన కరెంటూ రెండూ పోతాయి. 1987లో అమెరికాలో ఒక ఉడత ఇలాగే చేసి నాస్‌డాక్ షేర్ల బజారునే గంటకు పైగా ఆపేసింది. పాలక్కాడు కనుమ గాలికి మా ఊరి చుట్టూ గాలిమరలు రాత్రింబవళ్లు తిరిగి కరెంటు పుట్టిస్తుంటే, గుప్పెడంత జీవి మా వీధికి దాన్ని అందకుండా చేయగలదు. ‘ఉడత ఊపులు’ అని ఎవరినైనా తీసిపారేసే ముందు ఈ సంగతి గుర్తు రావడం మంచిది.

అభయానికీ హద్దుంది. ఈ పక్క కొబ్బరి తోటల్లో కోకో అంతరపంట. ఎలుక కాయను తొడిమ దగ్గర కొరుకుతుంది, ఉడత నడుమన తొలిచి లోపలి తియ్యటి గుజ్జు తినేస్తుంది. మా బావ తోటలో బోన్లు పెడతాడు. అదే బావ పొద్దున్నే ఇంటి ముందు ఉడతలకని గుప్పెడు నూకలు చల్లుతాడు. ఇదేం న్యాయం బావా అంటే, “తోటలోది దొంగ. ఇంటిది రాముడిది” అన్నాడు. ఇల్లున్నది తోట నడుమనే కదా, హద్దెక్కడని అడిగాను. బావి గట్టు చూపించాడు.

“ఆ సంగతి దానికెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పేదేంది? గట్టు దాటితే పరుగెత్తుతుంది, ఇటు వస్తే నడుస్తుంది. నువ్వే చూడు” అన్నాడు.