గుడిలో కెమెరా ఎక్కడ పెట్టాలి?

ఈ వారం ఏ శ్లోకం గురించీ రాయట్లేదు, ఒక షాట్ గురించి రాస్తున్నా. అది మన ఛానెల్ వీడియోలోది కూడా కాదు.

మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వాడూ, వాడి ఫ్రెండ్సూ కలిపి ఐదుగురు ఒక బ్యాండ్ పెట్టారు. అన్నమయ్య ‘బ్రహ్మమొకటే’ని గిటార్, కీబోర్డ్, వయొలిన్, ఘటంతో రికార్డ్ చేశారు. ఘటం ఉన్నందుకు నాకు భలే నచ్చింది. దానికి వీడియో తీయాలి. ముందు శంషాబాద్ దగ్గర అమ్మపల్లి గుడి అనుకున్నారు. కానీ అది సినిమావాళ్లు తెగ వాడేసిన చోటు, ఎక్కడో చూసినట్టే ఉంటుందని వదిలేసి, మేడ్చల్ దాటాక ఒక ఊళ్లో చిన్న రామాలయం వెతుక్కున్నారు. పూజారిగారు ఒక్క శనివారం పొద్దున షూటింగ్‌కి ఒప్పుకున్నారు.

“అన్నా, నువ్వు ఛానెల్‌కి ఎడిటింగ్ చేస్తావు కదా, షాట్ లిస్ట్ ఒకసారి చూసిపెట్టవా” అని గూగుల్ షీట్ పంపాడు. 61 వరుసలు. షాట్ నంబర్, పాటలో ఏ సెకను నుంచి ఏ సెకను దాకా, వైడా క్లోజప్పా, ఏ లెన్సు, ఎవరు ఎక్కడ నిలబడాలి, అన్నీ రాశారు. మా ఆఫీసులో కొన్ని రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ల కంటే నయం. మండపంలో ట్యూబ్‌లైట్లు ఉన్నాయి కాబట్టి ఫ్లికర్ రాకుండా షటర్ 50వ వంతు దగ్గర పెట్టాలని కూడా రాసుకున్నారు. స్లో మోషన్‌లో పెదాలు పాటతో కలవాలంటే పాటని రెట్టింపు వేగంతో ప్లే చేసి, 50 ఫ్రేముల్లో తీసి, 25లో చూపించాలి. అదీ తెలుసు వాళ్లకి.

నేను లెక్కపెట్టి ఒకటే అడిగాను. పాడే అబ్బాయికి 26 షాట్లు, ఘటం వాయించే అబ్బాయికి 3. రాజుకీ సేవకుడికీ నిద్రలో తేడా లేదని చెప్పే పాటకి ఇదేం పంపకంరా అన్నాను. నవ్వారు. తర్వాత ఘటానికి 9 చేశారు.

ఇంక 23వ వరుస. “బామ్మ కళ్లు మూసుకుని దండం పెడుతూ ఏడుస్తుంది. క్లోజప్. దూరం నుంచి. ఆమెకి తెలియకూడదు.” అంతకుముందు శనివారం రెక్కీకి వెళ్లినప్పుడు ఆవిణ్ణి చూశారట. ప్రతి శనివారం వస్తుందని పూజారిగారు చెప్పారట.

ఇక్కడ నా తప్పు దాచను. నేను ఆ వరుస చదివి ఆగలేదు. 50 ఎంఎం అయితే దగ్గరికి వెళ్లాలి, ఆవిడ చూసేస్తుంది, 85 పెట్టండి, ధ్వజస్తంభం వెనక నిలబడితే కనిపించరు అని పక్కన కామెంట్ పెట్టాను. లిస్టు మొత్తంలో బెస్ట్ షాట్ అదే అని కూడా రాశాను.

ఆ శనివారం నేనూ వెళ్లాను. ఏడింటికి ఆవిడ వచ్చింది. దీపం వెలిగించింది, చేతులు జోడించింది. కన్నీళ్లు కారాయి. 11 సెకన్లు వచ్చింది. ఫోకస్ సరిగ్గా కనురెప్పల మీద. కెమెరా వెనక అందరం ఒకరినొకరం చూసుకుని బొటనవేళ్లు పైకెత్తాం. ఆవిడ బయటికొచ్చి, మా సామాను చూసి, “ఏం పాట బిడ్డా?” అని అడిగింది. దేవుడి పాట అని చెబితే, తన కొబ్బరి చిప్పలోంచి తలా ఒక ముక్క ఇచ్చి, మంచిగ రావాలె అని దీవించి వెళ్లిపోయింది. మా వాడు కొబ్బరి ముక్క చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆ రోజే మధ్యాహ్నం ఇంకో ఏడుపు కూడా తీశాం. చివరి చరణంలో సింగర్ కళ్లల్లో నీళ్లు తిరగాలి. గ్లిజరిన్ రాసుకున్నాడు. ఏడో టేక్‌కి ఓకే అయింది. మధ్యలో వాడికి నవ్వాగక రెండు టేకులు పాడయ్యాయి.

రాత్రి ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద రెండు క్లిప్పులూ పక్కపక్కనే పడ్డాయి. ఒకటి దొంగ కన్నీళ్లు, ఒకటి నిజం కన్నీళ్లు. భక్తి వీడియోలో దొంగవి పెట్టడమే పాపం అనిపించాలి కదా? నాకు మాత్రం సింగర్ క్లిప్ చూస్తుంటే ఏమీ అనిపించలేదు. రెండోది చూస్తుంటేనే ఏదో ఇబ్బంది.

ఎందుకని చాలాసేపు ఆలోచించాను. నటించడం అబద్ధం కాదు. మన నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలు చెబుతూ అందులో కన్నీటిని కూడా లెక్కపెట్టింది. కూచిపూడిలో సత్యభామ ఏడిస్తే ఆమె మనల్ని మోసం చేసిందని ఎవరూ అనరు. చేసేవాళ్లకి తెలుసు, చూసేవాళ్లకి తెలుసు, ఇద్దరూ ఒప్పుకునే కూర్చున్నారు. భగవద్గీత మూడో అధ్యాయంలో మిథ్యాచారి అనే మాట వస్తుంది. పైకి ఇంద్రియాల్ని కట్టేసుకుని లోపల విషయాల్నే తలుచుకునేవాడు. ఆ మాట సింగర్‌కి తగులుతుందేమో అని మొదట అనుకున్నా. కాదు, వాడు గ్లిజరిన్ రాసుకున్నానని అందరి ముందే చెప్పి నవ్వాడు. ధ్వజస్తంభం వెనక గుళ్లో భక్తుల్లా నిలబడి, లోపల ఫోకస్ దొరికిందా లేదా అని చూసుకుంది మేం.

మా గ్రూపులో వాదన గట్టిగానే జరిగింది. గుడి పబ్లిక్ ప్లేస్ కదా అన్నాడు ఒకడు. గుడి అందరిదీ, నిజమే. ఆవిడ దండం మాత్రం అందరిదీ కాదు. పక్కన నిలబడినవాడు ఒక్క క్షణం చూసి తల తిప్పుకుంటాడు. మనం తీసింది రేపు ఎవరైనా, ఎన్నిసార్లైనా, వెనక్కి తిప్పి మరీ చూస్తారు. రెండూ ఒక్కటే చూపు కాదు. ఇంకొకడు, మన పని తీయడం వరకే, ఫలితం దేవుడిదే కదా అన్నాడు. కర్మ సిద్ధాంతాన్ని ఇలా వాడటం నాకూ అలవాటే, ప్రొడక్షన్‌లో బగ్ వచ్చినప్పుడు. కానీ ఆ మాట ఫలితం మీద ఆశ వదలమని చెబుతుంది గానీ, చేసే పని సరైనదా కాదా అని అడగొద్దని చెప్పదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది నా సొంత వాదనే. కెమెరా సాక్షి మాత్రమే అని నేను చాలాసార్లు అన్నాను, మన లైవ్‌లో కూడా అన్నట్టు గుర్తు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులు ఉంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా ఊరికే చూస్తుంది. మేం ఆ రెండో పక్షిలాంటివాళ్లం అనుకునేవాణ్ణి. ఆ పక్షికి ఏమీ అక్కర్లేదు కదా! అది మొదటి పక్షి ఏడవాలని శనివారం ఏడింటికి వచ్చి 85 ఎంఎం లెన్సుతో కూర్చోదు. మాకు ఆ కన్నీళ్లు కావాలి. ఆవిడ ఆ వారం ఏడవకుండా ఉంటే మేం నిరాశపడేవాళ్లం. ఈ వాక్యం రాయడానికి కూడా సిగ్గేస్తోంది, కానీ అదే నిజం. ఒక మనిషి బాధ రావాలని మేం కోరుకుంటూ నిలబడ్డాం, అదీ గుళ్లో.

అడిగితే సహజంగా రాదు, అదే సమస్య అన్నాడు మా వాడు. అది నిజమే. ముందే అడిగితే ఆ 11 సెకన్లు ఉండేవే కావు. అయితే తీశాకైనా అడగొచ్చు. తర్వాతి శనివారం నేనూ వాడూ మళ్లీ వెళ్లాం. చెప్పకుండా తీశామని చెప్పి, ఫోన్‌లో చూపించాం. ఆవిడ రెండుసార్లు చూసింది. నేను ఏవేవో ఊహించుకున్నా. కోపమొస్తుందేమో, లేదా దేవుడికీ నాకూ మధ్య విషయం అంటుందేమో అని. ఆవిడ అన్నది ఇదీ: “ముఖం వద్దు బిడ్డా. మా కోడలు చూసిందంటే తన గురించే ఏడ్చిన అనుకుంటది. ఇంట్ల మల్ల లొల్లి.”

ఇది మా ఐదుగురు ఇంజినీర్లకీ, నాకూ తట్టనే లేదు. గోప్యత, సాక్షి, మిథ్యాచారి అని రాత్రంతా వాదించుకున్నాం. ఆ వీడియో చూసేవాళ్లలో ఆవిడ కోడలు ఉంటుందని ఒక్కరం కూడా అనుకోలేదు. చూసేవాళ్లంటే మాకు ఎక్కడో ఉండే వ్యూయర్సే. ఆవిడకి చూసేవాళ్లంటే వంటింట్లో రోజూ ఎదురుపడే మనిషి.

చేతులైతే తీస్కోండి అంది. మళ్లీ దీపం వెలిగించింది, ఈసారి మేం ఎదురుగానే కూర్చున్నాం. వత్తి రెండుసార్లు ఆరిపోయింది, గాలికి అడ్డంగా మా వాడి నోట్‌బుక్ పెట్టాల్సి వచ్చింది. పాత క్లిప్ తన ముందే డిలీట్ చేయమంది. చేశాను. పోయిందా అని అడిగింది. ట్రాష్‌లోంచి కూడా తీసేసి చూపించాను. లాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉందని గుర్తొచ్చి, ఇంటికి రాగానే అదీ తీసేశాను.

వీడియోలో 23వ షాట్ ఇప్పుడు చేతులదే. నిజం చెప్పాలంటే పాతదానంత బలంగా లేదు. అక్కడ పాట కొంచెం ఖాళీగా అనిపిస్తుంది, ఆ నాలుగు సెకన్లలో ఘటం సౌండ్ పెంచాం. మా వాడు షీట్‌లో ‘అడిగామా’ అని కొత్త కాలమ్ ఒకటి చేర్చాడు.

తిరుమల ఆలయం లోపలికి ఫోన్లూ కెమెరాలూ తీసుకెళ్లనివ్వరు. చిన్నప్పుడు అది నాకు ఒట్టి రూల్ లాగే ఉండేది. ఈ మధ్య మన ఛానెల్ పాత వీడియోలు తెరిచి చూస్తున్నాను. జాతరలవి, కార్తీక దీపాలవి. కళ్లు మూసుకుని దండం పెడుతున్న మొహాలు చాలానే ఉన్నాయి. కొన్ని థంబ్‌నెయిల్స్‌గా కూడా పెట్టాం, వాటిలో రెండు నేనే ఎంచాను. ఆ మనుషులెవరో, ఏ ఊరివాళ్లో ఇప్పుడు కనుక్కునే దారి లేదు. మొన్న టీమ్ కాల్‌లో ఈ విషయం ఎత్తాను. థంబ్‌నెయిల్స్ మార్చడానికి అందరూ ఒప్పుకున్నారు. వీడియోల్లోపలి షాట్ల సంగతి ఇంకా తేలలేదు.